ఎలుక తిన్నది

మా బడి రేడియో గదికి కిటికీ లేదు.
గోడల నిండా గుడ్ల అట్టలు,
ఊరు ఊరంతా నెల్లాళ్ళు గుడ్లు తిని
దాచి ఇచ్చినవి.
తలుపు మూస్తే ఎవరి గుండె వాళ్ళకే వినిపిస్తుంది.
తెరిస్తే ఒహాకా కొండల మంచు లోపలికొచ్చి
మైకు ముందు కూర్చుంటుంది
తన వంతు వచ్చినట్టు.

ఏరియల్‌ని చర్చి గంటస్తంభానికి కడదామనుకున్నాం.
ఫాదర్ ఒప్పుకోలేదు.
పెట్రోనీలా అత్త కోళ్ళగూడు మీద కట్టాం.
కోళ్ళు ఒప్పుకున్నాయి.

మొదటి గురువారం
రెఫూహియో నోరు తెరిస్తే మాట రాలేదు,
ఎక్కిళ్ళొచ్చాయి.
ఏడు నిమిషాల ఎక్కిళ్ళు గాలికెక్కాయి.
మర్నాడు వాడు ఏ గడప ముందు నడిచినా
ఎవరో ఒకరు చెంబెడు నీళ్ళు పట్టుకు నిలబడ్డారు.
అప్పుడు తెలిసింది మాకు, వింటున్నారని.

ఎఫ్రెన్ మాస్టారు లెక్కల పుస్తకం మూసేశారు.
"ఇందులో రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తాయి.
మన కొండకి రైలెక్కడిది?
కాఫీ బస్తాలు తూచి రండి."

పొద్దున్న ఆరోగ్య కేంద్రంలో
పసిపిల్లల్ని వేలాడదీసి తూచే త్రాసులో
నర్సు ఒతీలియా కళ్ళముందు
బస్తాని సగం సగంగా తూచాం,
ఏడవని బిడ్డ అని ఆమె నవ్వింది.
మధ్యాహ్నం అదే బస్తా
డాన్ ఎవరిస్తో కొట్లో.
పదిహేడు ఇళ్ళు. రెండు వందల నాలుగు బస్తాలు.

చదివే వంతు నాది.
పుస్తకం స్పానిష్‌లో ఉంటుంది,
రేడియోలో మా నుడిలో చెప్పాలి.
తీసివేతకు నా దగ్గర మాట లేదు.
మొక్కజొన్న ఒలుస్తున్న అవ్వని అడిగితే
తలెత్తకుండా ఇచ్చింది:
"ఎలుక తిన్నది, అను."

అన్నాను.
నర్సు త్రాసులో నలభై మూడు,
కొట్లో నలభై.
బస్తాకు ఎలుక తిన్నది మూడు కిలోలు.
ఊరి మొత్తమ్మీద ఎలుక తిన్నది
ఆరువందల పన్నెండు.

తలుపు తీస్తే
కోళ్ళు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

ఒక సంగతి దాచాను ఇందాక.
ఆ కొట్లో తూనికరాళ్ళు ఎత్తి వేసేది మా నాన్న.
సెలెస్తీనో చెయ్యే ఇరవై కిలోల రాయని
ఊళ్ళో మాట.
లెక్క చేసేటప్పుడు నేను రాయినే చూశాను,
పట్టుకున్న చేతిని చూడలేదు.
చూడలేదనే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను.

ఆ రాత్రి చిక్కుడుగింజల్లో ఉప్పు లేదు.
నాన్న అడగలేదు, అమ్మ వెయ్యలేదు.

శుక్రవారం డాన్ ఎవరిస్తో బడికొచ్చాడు,
పిల్లలకి కాకిలెక్కలు నేర్పుతున్నారా అని.
మాస్టారు ఆయన చేతికి సుద్దముక్క ఇచ్చారు.
"సరైనది మీరు వేసి చూపండి."
మేం పెన్సిళ్ళు పట్టుకుని ఎదురుచూశాం,
నిజంగానే, నేర్చుకుందామని.
సుద్ద జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడో గురువారం
కార్యక్రమం మధ్యలో తలుపు తెరుచుకుంది.
ఎర్రదీపం వెలుగుతుంటే రాకూడదని
నాన్నకి తెలీదు.
గాలికి కాగితాలన్నీ నేలపాలు.
పిడికిట్లోది తీసి బల్లమీద పెట్టాడు,
ఠప్పుమని
ఇంటింటి రేడియోలోనూ వినబడేట్టు.
తూనికరాయి అడుగు తొలిచి పోసిన సీసం.
కింద పడ్డ కాగితాలు ఒక్కొక్కటే ఏరి,
వరస తెలియక తలకిందులుగా పేర్చి,
వెళ్ళాడు.

ఇప్పుడు గురువారాలు నేను నడుపుతున్నాను.
తలుపు తీసినప్పుడల్లా కాగితాలు ఎగరకుండా
ఆ సీసం ముద్దే కాపలా.
కొత్తగా వచ్చిన పిల్లలు అరచేతిలో ఎగరేసి అడుగుతారు,
ఇదెంతుంటుంది అని.
నాకు తెలుసు. చెప్పను.
త్రాసు ఆరోగ్య కేంద్రంలో ఉంది,
వెళ్ళి తూచి రండంటాను.