రుమాలు కింద

ఎనుమాముల మార్కెట్‌లకు మిర్చి దిగే నెల.
గేటుకు ఫర్లాంగు దూరంల, మూడో అంతస్తుల,
కిటికీలు మూసినా గొంతు మండుతది.
ఫ్యాను కింద నేనూ నజ్మీనూ,
మా ఇద్దరి ముందట ఒక నల్లటి తెర.

తెర మీద ఒక ఫైల్.
తక్‌పట్టీలు రాసే సర్వర్‌కు ఇది పుట్టుమచ్చల చిట్టా.
డేటాబేస్ పేరు, పోర్టు నంబరు, బ్యాంకుకు పోయే దారి,
వాటి కిందనే, బనీను మీద బజార్ల నిలబడ్డట్టు,
పాస్‌వర్డ్.
మైల. ఆ పక్కన నాలుగంకెలు.

పెట్టింది నేనే.
మూడేండ్ల కింద, కాంటాలు మొదలయ్యే ముందటి రాత్రి,
తొందరల ఏదీ తోచక
మా ఎద్దు పేరూ, అది అమ్ముడువోయిన ఏడూ.
తర్వాత మార్చాలె అని పక్కన రాసుకున్న.
ఆ తర్వాత రానేలేదు.

ఫైల్ మొత్తం కప్పేద్దామా అక్కా? అన్నది నజ్మీన్.
వద్దన్న.
మొత్తం కప్పితే రేపు ఏది ఎక్కడ విరిగిందో మనకే తెల్వది.
పేర్లు కనవడనీ.
విలువలే కప్పుదాం.

అనంగనే పరకాల అంగడి యాదికొచ్చింది.
మా నాయిన ఓదెలు, పశువుల బేరగాడు.
కొనేటోడు కనవడుతడు, అమ్మేటోడు కనవడుతడు,
ఎద్దు పండ్లు పట్టి చూసుడు, తోక మెలివెట్టుడు, అంతా బయటనే.
ధర ఒక్కటే రుమాలు కింద.
రెండు చేతులు గుడ్డల దూరి
వేలు పడితే ఒక లెక్క, కణుపు నొక్కితే సగం,
పిడికిలి మూస్తే ఖతం.
మొఖాలు మాత్రం వానల గురించి మాట్లాడుకునేవి.

కమాండ్ కొట్టిన.
అన్నిటికన్న ముందుగాల ఒక ఖాళీ వదిలిన.
అట్ల వదిలిన మాటను హిస్టరీల రాసుకోవద్దని
ఈ టర్మినల్‌కు ఎన్నడో నేర్పి పెట్టిన.
లేకుంటే పైబాణం నొక్కిన ప్రతోనికీ
దాచిన మాటే ముందు కనవడుతది.

రెప్పపాటు.
మైల పోయింది.
దాని జాగల మూడు వరుసల పిచ్చి అక్షరాలు,
కల్లంల కాకులు తిరిగిన అడుగుల లెక్క.

నజ్మీన్ చప్పట్లు కొట్టబోయింది.
ఆగు, అన్న.
పాత చిట్టాలున్నయి గదా.
దిద్దిన ప్రతి దిద్దుబాటూ తారీఖుతోని దాచుకునే రిపో,
మూడేండ్ల కిందటి పేజీ తిప్పితే
మైల ఆడ మేస్తనే ఉన్నది.
పెదవి దాటితే పృథివి దాటుతదంటరు.
బయటవడ్డదాన్ని కప్పితే సరిపోదు,
పనికిరాకుండ చెయ్యాలె.

కొత్త పాస్‌వర్డ్ యంత్రమే పుట్టించింది.
నలభై అక్షరాలు. ఎవ్వరి ఎద్దూ కాదు, ఎవ్వరి బిడ్డా కాదు.
నేను దాని మొఖం కూడ చూడలేదు;
ఒక కమాండ్ నోట్లెకెల్లి ఇంకో కమాండ్ చెవిలకు
నేరుగా పోయింది.

మరి తాళంచెవి?
అడిగేది ఆ పిల్ల. చెమట పట్టేది నాకు.
ఫైల్ పక్కన పెడితే
ఇల్లు తాళమేసి చెవి తాళానికే వేలాడదీసినట్టు.
నా ఒక్కదాని దగ్గరనే ఉంటే
రేపు కాజీపేట బ్రిడ్జి మీద నాకేమన్నయితే
యాభై ఊర్ల పైసలు ఆగిపోతయి.
నీదొకటి, నాదొకటి,
ఏ ఒక్కటైనా తెరవాలె.
ఆమె తన కీ చేసుకునేదాక
నేను కుర్చీ అటు తిప్పుకొని గోడను చూసిన.

రాత్రి నాయినకు ఫోన్ చేసిన.
మైలను ఎంతకిచ్చినవ్ నాయినా?
అవతల టీవీ చప్పుడు, కొంచెం సేపు.
అమ్మకు ఇప్పటికీ తెల్వదు ఆ లెక్క.
యాది లేదు బిడ్డా, అన్నడు,
ముప్పయ్యేండ్ల కింద ఎవని కోడెకు ఎన్ని పండ్లో
ఇప్పటికీ చెప్పే మనిషి.
తిన్నవా, అన్నడు.
మీ దిక్కు మబ్బు పట్టిందా, అన్నడు.