మూడు కొళగాలు

సర్జాపుర సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట
జెరాక్సు కొట్టుకీ బోండాల బండికీ నడుమ
ఆరడుగులకు నాలుగు, నా చోటు.
బల్ల మీద క్యాలిక్యులేటరు. తొమ్మిది అరిగిపోయింది.
నలభై గుంటలు ఎకరం.
గుంటంటే నాలుగు వైపులా ముప్పైమూడేసి అడుగులు,
వెయ్యిన్నీ ఎనభై తొమ్మిది చదరం.
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
లేపకపోయినా చెబుతుంటానట, మా ఆవిడ అంటుంది.

మునితాయమ్మ తెచ్చిన కాగితం
మడతల దగ్గర పొడైపోయింది.
గొంగళి వాసన, ఒక మూల సున్నం మరక.
హద్దులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి:
తూర్పుకి గంగుల చిక్కన్న చింత,
పడమటికి ఎద్దులు నీళ్ళకు పొయ్యే దోవ,
ఉత్తరానికి రాళ్ళకుప్ప,
దక్షిణానికి చిరిగిపోయింది.
కొలత ఒక్కటే ముక్క:
మూడు కొళగాల విత్తనం పట్టే నేల.

కొనేవాళ్ళ కుర్రాడు ప్రజ్వల్, మెడలో బిళ్ళ,
ఫోను నా ముందుకు చాపాడు.
'చదరపు అడుగులు వెయ్యండి సార్ ఇక్కడ.
ఈ గడి అంకెలు తప్ప తీసుకోదు.'

'తరా, మెట్టా?' అన్నాను.
చెరువు కింది కొళగం నాలుగు గుంటల చిల్లర,
మెట్ట మీది కొళగం ఇరవయ్యారు పైచిలుకు.
నీళ్ళున్న చోట వడ్లు దట్టంగా పడతాయి,
వానను నమ్ముకున్న చోట రాగులు ఎడంగా.
పేరొకటే, పాత్ర ఒకటే,
నేల ఆరింతలు తేడా.
అప్పటివాళ్ళకి ఇందులో తిరకాసేమీ లేదు.
చెరువు ఎక్కడుందో అందరికీ కనబడేది.

'చెరువు యాడుండాది సామే' అంది మునితాయమ్మ.
'పద్నాలుగు అంతస్తులు లేచినాయి దాని మింద.
ఇప్పుడు మాది తరా, మెట్టా?'
ఆ పద్నాలుగు అంతస్తులకీ
తెల్లారి నాలుగింటికి ట్యాంకర్లు వస్తాయి.
మెట్టేనేమో.

రెండూ లెక్క వేశాను.
తరి అయితే పదమూడు వేల ఐదువందలు.
మెట్ట అయితే ఎనభై ఆరు వేల నాలుగు వందలు.
'రోజుకి సెకన్లు అన్నే కదా!' నవ్వాడు ప్రజ్వల్,
ఆ తర్వాత నవ్వలేదు.
రేటు అడుక్కి.

ఆమె కాగితం అడుగున వేలిముద్ర చూపింది.
'మా జేజి, దొడ్డ పాపక్క. చల్లింది ఈమే.
ఎవురు దున్నినా విత్తనం ఈమె చేత్తోనే పడాల.
కుడిచేతికి మూడే వేళ్ళు సామే,
గానుగ రెండు మింగింది.
పిడికిట్లో నిలిచేది సగమే.
మూడు కొళగాలు అయిపోవాలంటే
ఇంగా దూరం నడిచేది.
ఆ దూరానికి ఎన్ని అడుగులు కలుపుతావు?'

నా క్యాలిక్యులేటరులో దానికి మీట లేదు.

లేచింది. చెప్పులు విడిచింది.
బోండాల బండి దాకా జాగా చేసుకుని
ఖాళీ చెయ్యి ఒడిలోకి, ఒడిలోంచి గాలిలోకి,
అడుగుకొక విసురు.
మళ్ళీ వెనక్కొచ్చి
రెండు వేళ్ళు లోపలికి మడిచి, ఇంకోసారి.
స్కూటర్లు ఆగాయి. ఎవరో హారను కొట్టారు.
స్టాంపుల రంగణ్ణ అడుగులు లెక్కపెడుతూ
పదకొండు దగ్గర మరిచిపోయాడు.

మంగళవారం సర్వేయరు అంజినప్ప వస్తాడు.
యంత్రాన్ని మూడుకాళ్ళ మీద నిలబెడతాడు.
వచ్చిన అంకె వస్తుంది.
నేను రాస్తాను, అంకెల్లో ఒకసారి,
అక్షరాల్లో ఒకసారి,
చివర 'మాత్రమే' అని చేర్చి.
అన్ని కాగితాల్లోనూ చేరుస్తాను ఆ మాట.
ఇన్నేళ్ళలో మొదటిసారి
దాని దగ్గర పెన్ను ఆగుతుందేమో అనిపించింది.

రాత్రి, మా పది పన్నెండు గదిలో,
డబ్బా మూత తీసి రాగులు గుప్పెట పట్టాను,
రెండు వేళ్ళు మడిచి.
సందుల్లోంచి జారి నాపరాళ్ళ మీద చిటపటలాడాయి.
మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.
'ఎంత?' అంది.
'నూట ఇరవై' అన్నాను.
'అది కాదు,
సంకటికి చాలుతాయా?'