జత

రుమాలు కొసన ముడివేసి
ఒక్క కమ్మే తెచ్చింది గొల్నూష్.
రెండోది వాళ్లమ్మతో ఆసుపత్రికి వెళ్లి
తిరిగి రాలేదట.
ముడి ఎంత బిగిసిందంటే
పళ్లతో విప్పుకోవాల్సి వచ్చింది.

మష్హద్ బజారు వెనక
కుంకుమపువ్వు తూచే కొట్టు దాటి
మూడు మెట్లు కిందికి దిగితే మా పనిగది.
కిటికీలోంచి నడిచేవాళ్ల కాళ్లే కనబడతాయి.
నేను హెరాత్ నుంచి వచ్చినవాణ్ణి.
నేల ఊడ్చి ఆ దుమ్ము డబ్బాలో దాచడం నా పని.
ఏడాదికోసారి దాన్ని మూసలో కరిగిస్తే
శనగగింజంత బంగారం తేలుతుంది.
సగం నాకిస్తుంది ఎస్మత్ ఖానుమ్.

కమ్మని దీపం కింద తిప్పిందామె.
కట్టు పాతది, గట్టిది,
అంచు చుట్టూ ఆవగింజల్లా బంగారు పూసలు.
నడుమ ఫిరోజా మాత్రం
నానబెట్టిన పెసరపొట్టు రంగు.

"పై బజారులో చచ్చిన రాయి అన్నారు.
పీకేసి కొత్తవి పెట్టించుకోమన్నారు,"
అంది గొల్నూష్, నేరం ఒప్పుకుంటున్నట్టు.
"చావడమేంటి?
నలభై ఏళ్లు మీ అమ్మ తలనూనె తాగింది,
మెడ చెమట తాగింది, గిన్నెల సబ్బునీళ్లు తాగింది.
కడుపు నిండిన రాయి ఇది.
దీనికి జత చేస్తాను, వెళ్లు."

నిషాపూర్ రాళ్ల సంచి బల్లమీద గుమ్మరించి
ఒక పూటంతా ఏరింది.
ఏరినదాన్ని లక్కతో పుల్లకి అంటించి
చక్రానికి ఆనించింది,
నీళ్లతో కలిసిన నీలం
మోచేతిదాకా కారింది.
బంగారు తీగ కమ్మచ్చులోంచి
ఒక్కో బెజ్జం సన్నబడుతూ బయటికొచ్చింది.
తీగ తుంపులు బొగ్గుమీద పేర్చి ఊదితే
తిట్లు తిన్న పిల్లిపిల్లల్లా
ఒక్కొక్కటీ ముడుచుకుని గుండ్రమయ్యాయి.

వెనకవైపు ఆకురాయి పట్టమని
మొదటిసారి నా చేతికిచ్చింది.
జారింది.
వెంట్రుకంత గీత.
ఆమె చూసిందో లేదో,
వెలిగారం డబ్బా మూత పెడుతూ కూర్చుంది.

రెండూ పక్కపక్కన పెడితే
కొత్తది అరుస్తోంది, పాతది వింటోంది.
చాలాసేపు చూసి ఎస్మత్
తన ఎడమ చెవి రింగు తీసేసి
కొత్త కమ్మ పెట్టుకుంది.

అలా రెండు చలికాలాలు.
రొట్టెపిండి పిసికిన చేత్తోనే సర్దుకునేది.
చారు మరిగే గిన్నెమీదకి వంగేది.
బీనాలూద్ కొండమీద మంచు పడ్డ రాత్రులు
ఎడమవైపే తిరిగి పడుకునేదట,
మెడ పట్టేసిందని పొద్దున్నే గొణుగుడు.
గొల్నూష్ వచ్చి అడిగినప్పుడల్లా
"ఇంకా ఆకలిగానే ఉంది" అనేది.

ఒక సాయంత్రం తబస్ నుంచి తమ్ముడి ఫోను.
ఎడమ చెవికి గట్టిగా నొక్కుకుని
ఎంతసేపైనా ఒక్క మాట మాట్లాడలేదు.
మర్నాడు రాయి ఒక మూల పచ్చబడి ఉంది.
నాకలా అనిపించిందేమో.

నౌరోజ్ ముందు వారం
రెంటినీ ఒకే గుడ్డమీద పెట్టింది.
గొల్నూష్ ఇది తీసింది, అది తీసింది,
కిటికీ దగ్గరికి నడిచింది,
బయట ఎవరివో బూట్లు ఆగాయి.
"మా అమ్మది ఏది?"

ఎస్మత్ ఖానుమ్ వట్టి చెవి తమ్మెని
రెండు వేళ్లతో రుద్దుకుంటూ
"మర్చిపోయాను" అంది.
నిజంగానే మర్చిపోయిందేమో,
కళ్లద్దాలు నెత్తిమీదే ఉన్నాయి.

నాకు తెలుసు.
వెనక్కి తిప్పితే చాలు.
చీపురు తీసుకుని
ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.