రంగమ్మ వేలు

రంగం నుంచి వచ్చింది కాబట్టి రంగమ్మ.
అసలు పేరు దాలమ్మ ఇంట్లో ఎవరికీ తెలీదు.

పాత తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి
మహేంద్రతనయ దాటి తెచ్చింది,
పర్లాకిమిడి, మా కొమ్ముపని కొట్టుకి.
గుంత వచ్చినప్పుడల్లా డబ్బాని
ఆటో సీటు మీంచి పైకెత్తి పట్టుకుందట.

జానెడు బొమ్మ. పింగాణీ.
సున్నం తెలుపు కాదు,
గంజి మీద తెట్టు కట్టే ముందుండే తెలుపు.
కళ్లు మూసుకుందో, కిందికి చూస్తోందో.
చిటికెన వేలు లేదు.
"దీపం పెట్టబోతే నా గాజు తగిలింది"
నేరం ఒప్పుకున్నట్టు చెప్పింది.

మావఁగారు రంగం రేవులో బస్తాలు మోసేవాడు.
బాంబులు పడ్డప్పుడు
తోటివాళ్లు చద్దిమూటలతో నడిచొస్తే
ఆయన దీన్ని మోసుకొచ్చాడు.
ఎవరిచ్చారని అడిగితే
చుట్ట ఆరిపోయిందనేవాడట.

గౌరమ్మే అనుకున్నారు.
బొట్టు పెడితే నిలవదు, జారిపోద్ది.
పసుపు రాసి తుడిస్తే
మళ్లీ ఏమీ ఎరగనట్టు తెల్లగా.
చంద్రగిరి నుంచి స్వెట్టర్లు అమ్మొచ్చిన టిబెట్టావిడ
గుమ్మంలోంచి చూసి, బేరం ఆపేసి,
నుదుటికి చేతులానించిందట.
యాభై తగ్గించింది కూడా.

నా దగ్గర తెల్లకొమ్ము లేదు, అన్నీ గేదెలవి, నల్లవి.
చచ్చిన గొడ్డుది, దేవతకి పెట్టొచ్చా, అన్నాను.
"చంపింది కాదు కదా?"
బస్తాల్లో వస్తాయి. నాకేం తెలుసు.
తెలీదనే చెప్పాను.
చాలాసేపు రంగమ్మ ముఖం చూసింది.
"పెట్టు. ఆవిడే చూసుకుంటాది."

పట్టుకోడానికి తిరగేస్తే లోపల డొల్ల.
టార్చి వేశాను.
మట్టి పచ్చిగా ఉన్నప్పుడు
ఎవరో అచ్చులోకి అదిమిన వేళ్లు,
గీతలతో సహా కాలి, గట్టిపడి.
నా బొటనవేలు ఆనించి చూశాను. పట్టలేదు.
పిల్లదో, ఆడమనిషిదో.
ఆ పూట కూలి ఎంత ఇచ్చారో.

వడ్లగింజంత వేలికి మధ్యాహ్నమంతా పట్టింది.
నిప్పు మీద వంచి, ఆకురాయితో అరగదీసి,
చివర గోరు కూడా గీశాను, ఎవరూ చూడకపోయినా.

దాలమ్మ కొంగుముడి విప్పి
కుంకం తీసి, అలవాటుగా నుదుట అద్దింది. జారింది.
అదే వేలితో నల్లవేలిని తాకింది.
అక్కడ నిలిచింది.

నలభై అడిగాను.
ముప్పై ఇచ్చి, డబ్బా మూత
రెండుసార్లు నొక్కి చూసుకుని వెళ్లిపోయింది.