ట్యూబు బద్దీ

తాడు కట్టేస్తుంది, రబ్బరు పట్టుకుంటుంది.
ఈ తేడా తెలియడానికి నాకు
పదహారు అల్యూమినియం గిన్నెలు ఖర్చయ్యాయి.
గుణుపురం దాటాక కల్వర్టు మీద
ఒకదాని వెనక ఒకటి
గంటలు కొట్టుకుంటూ గెడ్డలోకి దిగిపోయాయి.
నైలాను తాడు మాత్రం
ముడి చెక్కుచెదరకుండా
ఖాళీ సీటుని కౌగిలించుకునే ఉంది.

ఆ సాయంత్రం పంక్చర్ల ఉదయనాథు నవ్వలేదు.
చచ్చిపోయిన లారీ ట్యూబొకటి తీసి
కొబ్బరాకు చీల్చినట్టు నిలువునా చీల్చి
నాలుగు బద్దీలు నా చేతిలో పెట్టాడు.
"బరువుని బెదిరించకు బాబూ," అన్నాడు
సగం ఒరియాలో, సగం నా భాషలో.
"కాస్త ఊపిరాడనీ. అదే నీతో వస్తాది."

తొమ్మిదేళ్లయింది.
కాశీనగరంలో కోడి కూసే వేళకి
ఏది ఎక్కడ కూర్చోవాలో సరుక్కే తెలుసు.
బరువైన ఉప్పు బస్తా ట్యాంకు మీద,
నా పొట్టకి ఆనుకుని, అలిగిన బిడ్డలా.
పొడుగాటివి ఎడమ పక్కన,
సైలెన్సరు వేడి సోకనంత దూరంలో.
గోనె మడిచి మా ఇంటిది కుట్టిన రెండు జేబులు
వెనక చక్రానికి చెరోవైపు:
ఇటు అద్దాలు, దువ్వెన్లు, రిబ్బన్లు,
అటు వాటికి సరితూగే మేకులు.
సోకు ఒక పక్క, ఇనుము ఒక పక్క.
ఏ పక్క తగ్గినా
ఘాటీలో మొదటి మలుపే లెక్క అడుగుతుంది.

హేండిలుకి ఏదీ తగిలించకు.
ఎందుకంటావా? ఇదుగో, నా మోకాలు చూడు.

బత్తిలి దగ్గర ఇటు ఖాకీ తెలుగులో విప్పమంటుంది,
పది గజాలు పోతే అటు ఖాకీ ఒరియాలో.
దువ్వెన్లే సార్. దువ్వెన్లే ఆగ్యా.
రెండుసార్లు విప్పి రెండుసార్లు కడతాను.
రబ్బరుకి భాష లేదు, విసుగూ లేదు.

మొన్న ఆషాఢంలో,
పుట్టాసింగి కొండ కింద, సంత చెడిన వానలో
ఐజాకు రయితా చెయ్యి అడ్డం పెట్టాడు.
పక్కన రేకుపెట్టె, పెట్టె మీద కూతురు.
బస్సు రాలేదట. హాస్టలు గేటు అయిదింటికి మూసేస్తారట.
"పెట్టెలో ఏటుంది?"
"పుస్తకాలు. ఒక పనసకాయ."
కాయ కాదు, పండు. వాసన ముందే చెప్పేసింది.

తొమ్మిదేళ్ల విద్యా రోడ్డు మీద పరిచాను.
ఉప్పు బస్తా రయితా ఇంట్లో దిగింది.
అద్దాలు పైకి, మేకులు ముందుకి,
పెట్టె కేరియరు మీద అడ్డంగా.
మూలలు రబ్బరుని కోస్తాయని
నా తువ్వాలు చింపి కింద పెట్టాను.
ఇక పిల్లకి జాగా ఏదీ?
పదకొండేళ్ల ఎస్తేరు నన్నడగలేదు.
నాకు వీపు తిప్పి, వెనక్కి మొహం పెట్టి ఎక్కేసి
పెట్టెని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

దారంతా వెనకనుంచి కబురు.
"లారీ!"
"కొండ కనబడట్లేదు."
"దువ్వెన పడింది. పచ్చది."
ఆగి, వెనక్కి నడిచి, బురదలోంచి తీసి తుడుచుకున్నాను.
ఇన్నేళ్లలో నేను మోసిన వాటిలో
పడ్డదాన్ని పడ్డట్టు చెప్పింది
ఈ పిల్లొక్కతే.

అయిదుకి పది నిమిషాలు.
గేటు దగ్గర పెట్టె దించితే గొళ్లెం ఊడిపోయి ఉంది.
ఆమె పెట్టెని చూసింది, బద్దీల్ని చూసింది.
నోటితో ఏమీ అడగలేదు.
ఒకటి విప్పి పెట్టెకి చుట్టాను,
ముడి ఎలా వేయాలో చూపించబోయాను.
"చూశాను," అంది,
"మీరు కట్టినప్పుడు."

ఇప్పుడు మూడే ఉన్నాయి.
నాలుగోది అడిగితే ఉదయనాథు ఇస్తాడు, తెలుసు.
అడగలేదింకా.
సరుకు కాస్త ఎడమకి వాలుతోంది,
నేను కాస్త కుడికి జరిగి కూర్చుంటున్నాను.
సీటు కింద పనస వాసన ఇంకా పోలేదు.

కల్వర్టు దగ్గర మాత్రం అలవాటుగా ఆపి చూస్తాను.
నీళ్లు తగ్గాయి.
పదహారులో ఒక గిన్నె
రాళ్ల మధ్య బోర్లా పడి ఉంది,
దాని మీద కప్ప,
ఇల్లు కట్టుకున్నదానిలా.