తరుగు

తీసేసే పని నాకిచ్చారు.
కొత్తవి చేర్చేవాళ్ళు చాలామంది,
వాళ్ళ పేర్లు పైన ఉంటాయి.
ఆదోనిలో, మేడమీది గదిలో,
గడగడలాడే ఫ్యాను కింద కూచుని
మా లినక్స్ పంపిణీలోంచి
ఏ భాష, ఏ వెర్షన్, ఎప్పుడు వెళ్ళిపోవాలో
నేను రాస్తాను.

పాత రెండో వెర్షన్‌ను కన్నవాళ్ళే వదిలేసి ఆరేళ్ళు.
దాన్ని ఆనుకుని బతికే ప్యాకేజీలు
పోయినేడు నలభై ఒకటి,
ఉగాదికి తొమ్మిది,
నిన్న రాత్రికి ఒకటి.
తూకం యంత్రం చూపే అంకెను
కంప్యూటర్‌కు మోసే నాలుగొందల లైన్లు, అంతే.
వాడేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే
లోకమంతటి నుంచీ ఒకే జవాబు:
"ఉండాము. పకీరప్ప, వేబ్రిడ్జి,
సిరుగుప్ప రోడ్డు, ఆదోని."

మా ఇంటికి మూడు కిలోమీటర్లు.

షేర్ ఆటోలో పోయాను.
తొలి పత్తి బోరాలతో ట్రాక్టర్లు గేటు దాటి నిలబడ్డాయి.
గాలి నిండా నుసి. ఆయన కనుబొమల మీద కూడా.
"తీసేస్తారంట కదమ్మా. ఏం తప్పు చేసింది అది?
పద్నాలుగేండ్లాయ, ఒక్కనాడు మొరాయించలే."

రేపు దానికి బొక్క పడితే
పూడ్చేవాళ్ళు లేరని చెప్పబోయాను.
ఆయన అప్పటికే వంగి
బల్ల కిందనుంచి ఇరవై కిలోల ఇనుపరాయి లాగుతున్నాడు.
అడుగున సీసం బిళ్ళ,
దాని మీద ఏటేటా ఇన్‌స్పెక్టర్ కొట్టిన ముద్రలు,
ఒక ఏడు దగ్గర ఆగిపోయి.
"ఇప్పటికీ సరిగ్గానే తూగుతాది.
దీంతో తూస్తే మాత్రం తప్పు నాదే.
రాయి చెడ్డది కాదమ్మా,
దానికి జవాబు చెప్పేటోడు లేడు.
అంతే గదా నువ్వు చెప్పేది?"

అంతే.
మూడు నెలలుగా నేను
పెద్ద పెద్ద మాటల్లో రాస్తున్నది.

"అయితే తీసెయ్. సీజన్లో మాత్రం తీయొద్దు."

విడుదల తేదీ అక్టోబరు ఇరవై మూడు.
ఖరారు చేసినవాళ్ళకు అక్టోబరంటే ఒక నెల.
ఆదోనికి బండి వెనక బండి.

ఆ మధ్యాహ్నమే ఆయన బిల్లు ప్రోగ్రాం తెరిచి
మూడో వెర్షన్‌లోకి మార్చి
రెంటినీ పక్కపక్కన నడిపాను.
పన్నెండొందల ఎనభై కిలోలు, నూటికి రెండు తరుగు.
పాతది ఇరవై ఐదు అంది.
కొత్తది ఇరవై ఐదు పాయింట్ ఆరు.

పాతదానికి భాగహారంలో శేషం చేతికి చిక్కేది కాదు,
జారిపోయేది.
పద్నాలుగేళ్ళు, బండి బండికీ
ఆరొందల గ్రాములో, మూడొందలో,
ఎవరూ ఇమ్మనకుండానే
రైతు వైపు మిగిలిపోయింది.
ఓ పసిదాని దిండుకు సరిపడా దూది.

చెప్పాను. బిల్లు పుస్తకం మూసి
కాసేపు రోడ్డు వైపు చూశాడు.
"షావుకారికి తెలుసా?"
తెలీదు.
"దూదేకులోని కాటాలో
గ్రాములు పోయినాయంటే మా నాయన నవ్వుతాడమ్మా పైనుంచి"
అని తనే నవ్వాడు.
ఏం చేయమన్నదీ చెప్పలేదు.

వెర్షన్ మారినా లెక్క మారకూడదు,
అది మా పనిలో నియమం.
ఆ సాకు దొరికినందుకు సంతోషించాను.
కొత్త వెర్షన్‌లో శేషాన్ని వదిలెయ్యాలంటే
భాగహారపు గీత పక్కన ఇంకో గీత గీయాలి.
గీశాను.
మళ్ళీ ఇరవై ఐదు.

రాత్రి ఇంటికొచ్చి
తొలగింపు తేదీ ఏప్రిల్‌కు జరిపాను.
కారణం అడిగే గడిలో
పత్తి అని రాసి, చెరిపి,
ఒక వినియోగదారుడు ఉన్నారు అని రాసి,
అదీ చెరిపి,
పత్తి అనే రాశాను.