నోరు మూసిన ఉసిరి

పల్లావరం సంతలో శుక్రవారపు ఎండ
రెక్క విరిగిన ఫ్యాన్ల మీద, మూగబోయిన రేడియోల మీద
బేరం లేకుండా పడుతుంది.
కాజా మొయిదీన్ గోనెపట్టా పరవకముందే
తొలి లోకల్ దిగి నిలబడతాను,
భూతద్దం, టార్చిలైటు,
ఇంట్లో చెప్పని ఒక అంకె
జేబులో పెట్టుకుని.

నేను వెతికేది మాస్టర్ ఉసిరిని.
జానెడు కాగితం పొరల బొమ్మ.
జారిన నిక్కరు పట్టీ, నుదుటి మీద పిలక,
చేతిలో వంకర గరిటె.
తెర మీద ఉసిరి తన్నులు తింటుంటే
హాలు హాలంతా పొట్ట పట్టుకునేదట.
మా నాన్న చెప్పేవాడు.
నవ్వు ముందొచ్చేసి
ఏ సీనూ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.
పది బిస్కెట్ డబ్బాల మూతలిస్తే
ఒక ఉసిరిని ఇచ్చేవాళ్లట కంపెనీవాళ్లు.

నా బీరువాలో పదకొండు మంది.
అందరికీ నోరు తెరిచే ఉంటుంది,
అందరికీ ముందు పన్ను లేదు.
ఒకడి చెవి ఎలుక తినేసింది.
ఒకడి వీపు మీద పెన్సిలు రాత:
"ఇది వరదుది, ముట్టుకుంటే చంపుతా."
ఆ వరదుడు ఇప్పుడెవర్ని బెదిరిస్తున్నాడో.

పన్నెండోవాడు దొరికాడు
ఇత్తడి కుళాయిల కుప్ప కింద.
నోరు మూసుకుని.
అచ్చు తప్పిందని ముప్ఫయ్యో నలభయ్యో చేసి ఆపేశారని
మాబోటి పిచ్చివాళ్ల మధ్య గుసగుస.
ఒకడు చూశానన్నాడు, ఎవరూ నమ్మలేదు.
వేళ్లు వణకకుండా
ముందు ఒక కుళాయి బేరమాడాను.
"ఇది కూడా అందులో వేసెయ్" అన్నాను, ఎటో చూస్తూ.
మొయిదీన్ నవ్వాడు.
ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాడు నేను కొనే కుళాయిల్ని.

పద్దెనిమిది వేలు.

చిల్లర ఇస్తూ అతనే అన్నాడు,
"అంద అమ్మా రంగరాజపురంలదాన్ ఇరుక్కాంగ."
ఆ "అమ్మ" దగ్గర
నా లెక్క తప్పింది.

మేడ మీద ఒంటి గది.
మిక్సీ ఆపి తలుపు తీశారు తులజమ్మ గారు.
డెబ్బై ఆరేళ్లు.
నా చూపు నుదుటి మీద పిలక కోసం వెతికింది, సిగ్గు లేకుండా.

బొమ్మను అరచేతిలో పడుకోబెట్టుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"మొదటిసారి మొహం మీద ప్లాస్టర్ ముద్ద వేసినప్పుడు
ముక్కులో రెండు గొట్టాలు పెట్టారు.
చీకటి. మా అమ్మ ఎటుందో తెలీదు.
పళ్లు బిగబట్టి పడుకున్నా.
ఇదేం మొహం, ఎవడు కొంటాడన్నాడు మేనేజరు.
రెండోసారి పిప్పర్మెంటు చూపించారు.
మీ ఇంట్లో ఉన్నవాళ్లంతా
పిప్పర్మెంటుకి నోరు తెరిచినవాళ్లే."

మరి పన్ను, అన్నాను.
"ఊడిందని నేనేడిస్తే
సినిమా అయ్యేదాకా కొత్తది రాకూడదని
వడపళనిలో కొబ్బరికాయ కొట్టారు."

ధర అడిగారు. చెప్పాను.
"నాకు సినిమా మొత్తానికీ రెండొందల యాభై.
నాకన్నా వీడికే గిరాకీ."

అప్పుడు కొంగు చివర నాలుకతో తడిచేసి
వాడి మూతి తుడవడం మొదలుపెట్టారు.
వద్దండీ, గొంతుదాకా వచ్చింది.
అసలు రంగు! ఎవరి కుంచెదో, అరవై దాటిన రంగు!
ఒక్క తుడుపుకి సగం ధర!
ఆవిడ మాత్రం, బడికి ఆలస్యమవుతున్న పిల్లకి
పాల మీసం తుడిచినట్టు,
గడ్డం పట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి.

కొంగుకి గులాబీ మరక.
మూసిన పెదవుల చోట
రంగు కింది కాగితం బయటపడింది:
ఏనాటిదో వేరుశనగ ధర,
తలకిందులుగా.

రాత్రి రిజిస్టరు తీశాను.
స్థితి అనే గడిలో
"చెవి లేదు", "వీపున రాత", "బాగుంది".
పన్నెండో వరసలో
"పెదవి రంగు పోయింది" అని రాసి,
స్కేలు పెట్టి
పక్కన ఇంకో గడి గీశాను:
తుడిచినవారు.

పై పదకొండు వరసల్లోనూ
ఆ గడి ఖాళీ.